నాన్న మనియార్డర్లు, పదిహేనో వరస

సావనీరుకి ఏదైనా రాసిపెట్టమని విద్యార్థి సంఘం కుర్రాళ్లు ముగ్గురు ఇంటికొచ్చి అడిగారు. "ఆ రోజుల్లో మెస్సు ఎలా ఉండేదో, ఎలక్షన్లు ఎలా జరిగేవో రాయండి సార్" అన్నారు. మెస్సు గురించి ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. సాంబారు మాత్రం మారినట్టు లేదు. నేను ముప్పై మూడేళ్లు లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి, నాకు చేతనైంది లెక్కే. అదీగాక ఈ కాలేజీకి నేనొక సంజాయిషీ బాకీ ఉన్నాను. ఆ బాకీ కాగితం మా డిపార్టుమెంటు లైబ్రరీలో నల్ల కాలికో బైండు వేసుకుని బీరువాలో నిలబడి ఉంది. దాని సంగతికి వచ్చేముందు నా జేబు సంగతి చెప్పాలి.

1979లో ఎం.ఎస్సీ.లో చేరాను. మెస్సు బిల్లు స్కాలర్‌షిప్పులో సర్దుకునేది. పైఖర్చులకి నాన్న పంపే మనియార్డరే గతి. నాకొక అలవాటు ఉండేది, అలవాటు అనడం కన్నా జబ్బు అనాలి. ఆదివారం రాత్రి జేబులో ఎంత ఉంటే వచ్చే ఆదివారానికి అందులో సరిగ్గా సగం ఖర్చయ్యేది. యాభై ఉంటే పాతిక, పది ఉంటే అయిదు. ఉన్నప్పుడు సినిమా, హోటల్లో పెసరట్టు. లేనప్పుడు కాలినడక, మెస్సు మజ్జిగ. ఆదివారం రాత్రి లెక్క చూసుకుని ఇరవై రూపాయలకి లోపు ఉంటే ఇంటికి కార్డు ముక్క రాసేవాణ్ణి. "నాన్నగారికి నమస్కరించి వ్రాయునది" అని మొదలుపెట్టి మూడో వాక్యంలో డబ్బు. అది చేరడం, మనియార్డరు రావడం వారంలోపల అయిపోయేది. పోస్టుమాన్ హాస్టలు మెట్లెక్కుతుంటే మా వరండాలో సగంమందికి గుండె వేగం పెరిగేది.

నాన్న పంపేది ఇరవై నాలుగు రూపాయలు. ఇరవై నాలుగేమిటని తోటివాళ్లు నవ్వేవాళ్లు. ఆయన ప్రతిసారీ పాతిక రూపాయలు తీసి పక్కన పెట్టేవాడట. పోస్టాఫీసు రుసుము, దారిలో ఒక టీ పోగా మిగిలింది నాకు.

మా రూమ్మేటు ఫిజిక్సువాడు. ఊరికే ఉండే మనిషి కాదు, నా ఖర్చుల పుస్తకం తిరగేసి ఒకరోజు అడిగాడు: "ఒరేయ్, నీకు డబ్బు ఎంత వచ్చినా చివరికి ముప్పై రెండూ పదహారూ, ముప్పై రెండూ పదహారూ... ఇదేంట్రా?"

చూస్తే నిజమే. దసరాకి ఇంటికెళ్లి వంద రూపాయలతో వచ్చాననుకోండి. ఆదివారం ఆదివారం 100, 50, 25, 12.50. ఇప్పుడు ఇరవై లోపు కాబట్టి ఉత్తరం. తర్వాతి వారం ఆరుంపావు మిగిలి దానికి ఇరవై నాలుగు కలిసి 30.25. తర్వాత 15.12, మళ్లీ ఉత్తరం, 31.56, 15.78, 31.89, 15.95... పైసలు సర్దుకుంటూ సర్దుకుంటూ 32, 16 అనే జంట మీదికి చేరిపోతుంది. పోనీ మూడు రూపాయలతో మొదలుపెడితే? 25.50, 12.75, 30.37, 15.19, మళ్లీ అదే తోవ. వందతో వచ్చినవాడికీ మూడుతో వచ్చినవాడికీ రెండు నెలలు తిరిగేసరికి జేబులో తేడా కనిపించదు. మహా అయితే వీడికి పదహారున్నవారం వాడికి ముప్పై రెండు ఉంటుంది, అంతే.

ఎక్కడ మొదలైనా చివరికి తమ దగ్గరికి లాక్కునే ఇటువంటి విలువల సమూహాన్నే అట్రాక్టర్, ఆకర్షకం అంటాం. నా జేబు లెక్కని గ్రాఫు గీస్తే రెండు సరళరేఖా ఖండాలు వస్తాయి. రెండింటి వాలూ సగమే. ఇరవై దగ్గర గీత తెగిపోతుంది: ఇరవైకి ఒక పైసా తక్కువైతే వచ్చే వారం ముప్పై నాలుగు, సరిగ్గా ఇరవై ఉంటే వచ్చే వారం పది. పుస్తకాల్లో దీన్ని విచ్ఛిన్నమైన ఖండశః రేఖీయ వ్యవస్థ అని పెద్ద పేరుతో పిలుస్తారు. పేరుకి భయపడకండి. లోపల ఉన్నది ఒక భాగహారం, ఒక కూడిక, మధ్యలో ఒక గట్టు.

అవిచ్ఛిన్నంగా సాగే గీత, వాలు సగం అయితే కథ ఒక్క ముక్కలో అయిపోతుంది. ఇద్దరి మధ్య తేడా ప్రతి అడుగులో సగమవుతూ అందరూ ఒకే బిందువుకి చేరి కూర్చుంటారు. గట్టు ఉన్నప్పుడు అలా కూర్చోనివ్వదు. ఇద్దరూ గట్టుకి ఒకే పక్క ఉన్నంతసేపూ తేడా తగ్గుతుంది. ఒకడు ఇటూ ఒకడు అటూ పడితే ఒక్కసారిగా పెరుగుతుంది. ఈ రెండింటి పెనుగులాటలోంచి పుట్టేది ఒక లయ. నాకు రెండు వారాలకొక ఉత్తరం.

రెండో ఏడాది మొదట్లో నాన్న సొమ్ము నాలుగు రూపాయలు పెంచాడు. ఇరవై ఎనిమిది. నేను సంతోషించాను, ఖర్చు పెట్టాను, రెండు వారాలకొకసారి ఉత్తరం రాస్తూనే ఉన్నాను. కొన్నాళ్లకి ఇంటి నుంచి కార్డు వచ్చింది. నాన్న ఎక్కువ రాసేవాడు కాదు. "పెంచి పంపుచున్ననూ అప్పుడే అయిపోవుచున్నదా" అని ఒక్క వాక్యం. కింద దీవెనలు. ఆ వాక్యం నన్ను చాలా రోజులు వదల్లేదు. నాలుగు రూపాయలు ఎక్కువిస్తే కొన్నాళ్లు ఆలస్యంగా అడగాలి కదా, ఎవరైనా అలాగే అనుకుంటారు. నాకూ జవాబు తెలియలేదు. నన్ను నేనే దుబారా మనిషిననుకున్నాను. అందులో అబద్ధమూ లేదనుకోండి.

సంక్రాంతి తర్వాత ఇంకో నాలుగు కలిపాడు. ముప్పై రెండు. గేదె రెండోది ఈనిందని తర్వాత తెలిసింది. విచిత్రం, ఈసారి ఉత్తరాలు తగ్గాయి. రెండు వారాలకొకటి, ఆ తర్వాత మూడు వారాలకొకటి, మళ్లీ రెండు, మళ్లీ మూడు. అయిదు వారాలకి రెండు ఉత్తరాలు. వేసవి సెలవులకి వెళితే నాన్న అమ్మతో "ఇప్పుడు వీడికి కాస్త పొదుపు అబ్బింది" అన్నాడు. నేను తల వంచుకుని అన్నం తిన్నాను. నాకు ఏ పొదుపూ అబ్బలేదు. వారానికి సగం అలాగే తగలేస్తున్నాను.

జవాబు రూమ్మేటు, నేను కలిసి ఒక రాత్రి మెస్సు బల్ల మీద సుద్దముక్కతో తీశాం. నాన్న పంపేది పదిహేను నుంచి ముప్పై లోపు ఎంతైనా కానివ్వండి, రెండు వారాల లయ చెక్కుచెదరదు. ఇరవై నాలుగైనా ఇరవై ఎనిమిదైనా ఒకటే. ముప్పై ఒకటి నుంచి ముప్పై నాలుగున్నరకి కొంచెం తక్కువ దాకా అయిదు వారాలకి రెండు: 10.32, 37.16, 18.58, 41.29, 20.65, మళ్లీ 10.32. అందులో ఆ 20.65 చూడండి. గట్టుని అరవై అయిదు పైసల్లో తప్పించుకుంది కాబట్టి ఆ వారం ఉత్తరం ఆగింది. ముప్పై అయిదు దాటితే మూడు వారాలకొకటి. నలభై రెండు పంపితే 48, 24, 12 అని ముచ్చటగా వస్తుంది. మరి ముప్పైకీ ముప్పై ఒకటికీ మధ్య? ముప్పైన్నర పంపితే ఏడు వారాలకి మూడు ఉత్తరాలు. ఏ రెండు మెట్ల మధ్య చూసినా ఇంకో మెట్టు, ఆ మెట్టుకీ ఈ మెట్టుకీ మధ్య మరొకటి. దీన్ని గణితంలో దయ్యపు మెట్లు అంటారు. మెట్ల మీద కాక మెట్ల సందుల్లో పడే మొత్తాలూ ఉన్నాయి. అక్కడ లయ ఎప్పటికీ తిరిగి రాదు, ఆకర్షకం పొడిపొడిగా రాలిన ధూళిలా ఉంటుంది. కానీ వాటి మొత్తం వెడల్పు సున్న. అంటే ఏ నాన్న చేతికీ ఆ మొత్తం తగలదనుకోవచ్చు.

ఇంకో తమాషా. ఇరవై ఎనిమిది పంపినప్పుడు నాన్నకి వారానికి సగటున పడింది పద్నాలుగు రూపాయలు. ముప్పై రెండు పంపినప్పుడు అయిదు వారాలకి అరవై నాలుగు, అంటే వారానికి పన్నెండు రూపాయల ఎనభై పైసలు. పూటకి ఎక్కువ పంపితే మొత్తం మీద తక్కువైంది! ఈ మాట నాన్నకి చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. పొదుపు అబ్బిందని ఆయన మురిసిపోతుంటే చెప్పబుద్ధి కాలేదు.

ఇదే లెక్కని మాకంటే ముందే, 1972లో, జపాన్‌లో నగూమో, సాటో అనే ఇద్దరు నాడీకణానికి రాసిపెట్టారని తర్వాతెప్పుడో చదివాను. అక్కడ జేబులో డబ్బుకి బదులు కణంలో మిగిలిన పాత ప్రభావం, ఉత్తరానికి బదులు నాడీ స్పందన. ఎన్ని దెబ్బలకి ఎన్నిసార్లు స్పందిస్తుందో గీస్తే అవే మెట్లు. కార్డు ముక్కలు రాసుకునే కుర్రాడూ మెదడులో కణమూ ఒకే కుదురులో కూర్చోవడం నాకు భలే నచ్చింది.

సరే, ఇక బైండు పుస్తకం.

ఎం.ఎస్సీ. రెండో ఏడాదిలో డిసర్టేషన్ రాయాలి. మా గైడుగారు ఇచ్చిన సమస్య నా జేబుకి తలకిందులు. సున్నకీ ఒకటికీ మధ్య ఒక సంఖ్య తీసుకో, రెట్టింపు చెయ్యి, ఒకటో అంతకన్నా ఎక్కువో అయితే ఒకటి తీసెయ్యి. మళ్లీ రెట్టింపు. ఇక్కడా రెండు సరళరేఖలే, మధ్యలో గట్టే. కానీ వాలు సగం కాదు, రెండు. తేడాలు ప్రతి అడుగులో రెట్టింపవుతాయి. దీనిలో భిన్నాలతో మొదలుపెడితే ఎప్పుడో ఒకప్పుడు తిరుగుడు మొదలవుతుంది. కరణీయ సంఖ్యతో మొదలుపెడితే ఎన్నడూ తిరిగిరాదు. పక్కవాణ్ణి లాక్కునే లయ ఏదీ లేదు. ప్రయాణం మొత్తం గది అంతా తిరుగుతూనే ఉంటుంది. ఇది నిరూపించి, కంప్యూటరు మీద ఒక పట్టిక వేసి చూపించాలి.

అప్పట్లో కంప్యూటరంటే ఏసీ గది, చెప్పులు బయట విడవడం, కార్డులు గుచ్చించి పెట్టెలో వేసి రెండు రోజులు ఆగడం. 0.7182818 తో మొదలుపెట్టాను, ‘ఈ’ అనే సంఖ్యకి దశాంశ భాగం. ముప్పై వరసలు అడిగాను. కాగితం చేతికొచ్చింది. మొదటి వరసలు బాగున్నాయి: 0.4365636, 0.8731272... కిందికి పోయేకొద్దీ అంకెలు పొట్టివైపోయాయి. ఇరవయ్యోది 0.0625. తర్వాత 0.125, 0.25, 0.5. ఇరవై నాలుగోది సున్న. ఆ కింద అన్నీ సున్నలు.

ఎక్కడా స్థిరపడదని నేను నిరూపించిన వ్యవస్థ సున్న దగ్గర చతికిలబడి కూర్చుంది.

రూమ్మేటు ఆ కాగితం చూసి పెన్సిలు తీశాడు. "0.3 తో చెయ్యరా చేత్తో." 0.6, 0.2, 0.4, 0.8, 0.6. నాలుగడుగుల తిరుగుడు, ఒకటో తరగతి పిల్లాడికి తెలుస్తుంది. మర్నాడు కార్డు మార్చి 0.3 తో వేయించాం. పాతిక అడుగుల లోపే అదీ సున్న.

కారణం వాడే చెప్పాడు. యంత్రం సంఖ్యని రెండు అంకెల భాషలో, సున్నలూ ఒకట్లలో, దాచుకుంటుంది. ఆ భాషలో రెట్టింపు చేయడమంటే అంకెలన్నిటినీ ఒక గడి ఎడమకి జరపడం. ఒకటి తీసేయడమంటే ముందున్న అంకెని పారేయడం. యంత్రం దగ్గర సంఖ్యకి ఉన్నవి ఇరవై నాలుగు గడులు. అడుగుకొక అంకె పారేస్తూ పోతే ఇరవై నాలుగడుగులకి సంచీ ఖాళీ. వెనక నుంచి వచ్చేది సున్నలే. నిజమైన సంఖ్యకి ఆ సంచీ అడుగే ఉండదు. అందుకే నా జేబు లెక్క యంత్రం మీద ఎంతసేపు వేసినా చక్కగా వస్తుంది. అక్కడ పైసా తేడా వస్తే వారం వారం సగమై చచ్చిపోతుంది. ఇక్కడ ఏడో దశాంశంలో పొరపాటు ఇరవై అడుగుల్లో ఇల్లంతా మింగేస్తుంది.

ఇప్పుడు మా మనవరాలి ల్యాప్‌టాప్ మీద 0.3 తో మొదలుపెట్టి చూశాను. యాభై నాలుగో అడుగున సున్న. నలభై ఏళ్ల పైచిలుకు కాలంలో మనం ముప్పై అడుగులు సంపాదించాం.

"ఇదంతా రాసెయ్యరా, అసలు సంగతి ఇదే" అన్నాడు రూమ్మేటు. రాయాల్సింది. ఒక అధ్యాయం మార్చాలి, మళ్లీ టైపు చేయించాలి. గడువు నాలుగు రోజులు. అంతకు నెల ముందే టైపుకీ బైండింగుకీ నూటయాభై కావాలని ఉత్తరం రాస్తే, నాన్న తిండికని ఉంచుకున్న ధాన్యంలోంచి బస్తాలు అమ్మి పంపాడు. ఆ డబ్బు టైపిస్టుకి ఇచ్చేశాను. మళ్లీ కార్డు ముక్క రాయడానికి చెయ్యి రాలేదు. ఇది నేను ఆనాడు చెప్పుకున్న కారణం. అసలు కారణంలో సగమే అది. మిగతా సగం, సున్నలు చూపిస్తే గైడుగారు నా నిరూపణనే అనుమానిస్తారేమోనన్న పిరికితనం.

పట్టికని పదిహేనో వరస దగ్గర కత్తిరించాను. అక్కడికి అంకెలు ఇంకా పొడుగ్గానే కనిపిస్తాయి. కింద "ఇదే తీరున అనంతముగా సాగును" అని టైపు చేయించాను. రూమ్మేటు చదివి, "నిజం నీ పక్కనే ఉందిగదరా, దాచడమెందుకు?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. నా సిద్ధాంతం నిజం, నా పట్టిక అబద్ధం. అబద్ధాన్ని నిజానికి సాక్ష్యంగా నిలబెట్టాను.

గైడుగారు పేజీలు తిప్పి పట్టిక దగ్గర ఆగారు. "పదిహేనేనా ఏమయ్యా?"

"పేజీకి అంతే పట్టాయి సార్."

తలూపి పేజీ తిప్పారు. నమ్మారు. అనుమానించి ఉంటే నాకింత బాధ ఉండేది కాదు. ఫస్టు క్లాసొచ్చింది. ఆ క్లాసు మీదే ఉద్యోగం వచ్చింది.

తర్వాత పాఠాలు చెప్పేటప్పుడు ఈ రెట్టింపు లెక్క వచ్చిన ప్రతిసారీ పిల్లల చేత యంత్రం మీద వేయించేవాణ్ణి. సున్న వచ్చేదాకా ఊరుకునేవాణ్ణి. కొందరు సున్న రాగానే "సార్, ప్రోగ్రాం తప్పు" అని దిద్దబోయేవాళ్లు. కొందరు నాలాగే కాగితం మడతపెట్టేవాళ్లు. వాళ్ల మొహం చూస్తే తెలిసిపోయేది. 1973లో లసోటా, యార్క్ నిరూపించిన సిద్ధాంతం కూడా చెప్పేవాణ్ణి: గీత కొన్ని ముక్కలుగా తెగినా ప్రతి ముక్క వాలూ ఒకటికంటే కచ్చితంగా ఎక్కువైతే, ఒక్కొక్క ప్రయాణం ఎటుపోతుందో చెప్పలేకపోయినా జనసమ్మర్దం ఎక్కడెక్కడ ఎంత ఉంటుందో చెప్పే ఒక స్థిరమైన పంపిణీ ఉంటుంది. రెట్టింపు లెక్కలో అది గదంతా సమానం. ఈ సిద్ధాంతం మీద నాకు గొప్ప గౌరవం. అడుగడుగునా తప్పే లెక్కలో కూడా నమ్మదగిన సంగతి ఒకటి మిగిలి ఉందని అది చెబుతుంది. నా డిసర్టేషన్ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

నాన్న 1998లో పోయాడు. పెద్ద దినాలయ్యాక వసారాలో దూలానికి వేలాడుతున్న ఇనప తీగ కిందికి దించాను. పన్ను రసీదులు, శిస్తు కాగితాలు, మధ్యలో నా సంతకంతో తిరిగొచ్చిన మనియార్డరు రసీదులు అన్నీ వరసగా గుచ్చి ఉన్నాయి. కూర్చుని తేదీలు రాసుకున్నాను. సెలవులూ పండగలూ తీసేస్తే 24 రూపాయల కాలంలో పద్నాలుగు రోజులు, పద్నాలుగు రోజులు. 28 కాలంలోనూ అదే పద్నాలుగు. 32 దగ్గర్నుంచి పద్నాలుగు, ఇరవై ఒకటి, పద్నాలుగు, ఇరవై ఒకటి. ఒక్కోచోట ఒకటి రెండు రోజులు అటూ ఇటూ. మేం సుద్దముక్కతో తీసిన లెక్క ఆయన తీగకి గుచ్చి దాచాడు, తెలియకుండానే. చివర్లో ఒక్కటి మాత్రం ఏ లయకీ అందకుండా ఉంది. నూటయాభై రూపాయలది.

పోయిన వేసవిలో పని మీద కాలేజీకి వచ్చి డిపార్టుమెంటు లైబ్రరీలో కూర్చున్నాను. నా డిసర్టేషన్ అడిగితే అటెండరు దుమ్ము దులిపి ఇచ్చాడు. వెనక అట్ట లోపల తేదీల చీటీ చూశాను. నలభై ఏళ్లలో నలుగురు తీసుకెళ్లారు. నలుగురూ ఆ పట్టిక నమ్మి ఉంటారు. ఇంటి దగ్గర చేత్తో చేసి తెచ్చుకున్న కాగితం జేబులోంచి తీశాను. 0.7182818 ని ఉన్నదున్నట్టు రెట్టింపు చేసుకుంటూ పోతే పదిహేనో అడుగున రావాల్సింది 0.6580224. నేను అచ్చువేయించింది 0.658203. అంటే నేను దాచిన సున్నలే కాదు, చూపించిన చివరి వరస కూడా నాలుగో దశాంశం దగ్గరే తప్పు. ఇన్నాళ్లూ ఆ సంగతి నాకే తెలియదు. ఇరవయ్యోది 0.0567168. యంత్రం సున్న అన్న ఇరవై నాలుగోది 0.9074688. ఏడు దశాంశాలతో ఆగిన సంఖ్య గనక ఇదీ ఎప్పుడో తిరుగుడులో పడుతుంది, కానీ ఆ తిరుగుడు పొడవు 62,500 అడుగులు.

లైబ్రరీ పుస్తకంలో రాతలు రాయొద్దని ఎంతమంది పిల్లల్ని తిట్టానో లెక్కలేదు. అటెండరు అటు తిరగగానే పెన్సిలు తీసి పదిహేనో వరస పక్కన సరైన అంకె వేశాను, "అనంతముగా సాగును" అన్న మాట కింద పదహారు నుంచి ఇరవై నాలుగు దాకా తొమ్మిది వరసలు కలిపాను. పెన్సిలు రాత కాబట్టి ఎవరైనా చెరిపేయొచ్చు. అనుమానం ఉన్నవాళ్లు చేత్తో చేసి చూసుకోండి. ఇరవై నాలుగు రెట్టింపులే, అరగంట పని.